గడప దాటిన కళాసంపద

విజ్ఞానయాత్ర అనగానే మన కళాశాలలకు కోటలు, గోపురాలు, సమాధులు, ఆనకట్టలు గుర్తుకు వస్తాయి. ఢిల్లీ యాత్ర అయితే ఎఱ్ఱకోట, కుతుబ్ మీనారు, రాజ్‌ఘాట్, పార్లమెంటు భవనం; తిరుగు ప్రయాణంలో ఆగ్రా. 2020 ఫిబ్రవరి మొదటివారంలో మేము కడప నుండి బయలుదేరినపుడు మా కార్యక్రమపత్రంలోనూ అంతకు మించి ఏమీ లేదు. చివరిదినాన మిగిలిన ఒక పూటను ఎట్లా గడపాలన్న చర్చలో మాలో ఒకరు ఆధునిక చిత్రకళా మ్యూజియం మాట ఎత్తారు. సగంమంది బజారుకు పోదామన్నారు. ఆ మ్యూజియం ఉన్నది బజారులోనే అని తెలిసిన తరువాత ఇరుపక్షాలవారూ సంతోషంగా అంగీకరించారు.

ఆ పూట మాకు కలిగిన ఆలోచనలను ఈ సంచికలో పాఠకులతో పంచుకొనడం మా ఉద్దేశం. చిత్రకళను విమర్శించే పాండిత్యం మాకు లేదు. కాని ఒక వ్యక్తి తన ధనంతో కొన్న చిత్రాలను ప్రజల కోసం తలుపులు తెరిచి ఉంచినపుడు, ఆ తలుపు లోపలికి అడుగుపెట్టిన ప్రజలకు ఒక అభిప్రాయం ఉండడం సహజమే గదా!

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో, మాళవీయ నగర్ మెట్రో స్టేషనుకు సమీపంలోని ఒక పెద్ద వాణిజ్య సముదాయంలో కిరణ్ నాడార్ ఆర్ట్ మ్యూజియం ఉన్నది. దీని స్థాపకురాలు శ్రీమతి కిరణ్ నాడార్. ఆమె భర్త శ్రీ శివ్ నాడార్ హెచ్.సి.ఎల్. కంప్యూటరు సంస్థ వ్యవస్థాపకులు. ఆమె బ్రిడ్జి ఆటలో నిష్ణాతురాలు; 2018 ఆసియా క్రీడలలో మన దేశానికి కాంస్యపతకం తెచ్చిన మిశ్రమ జట్టులో సభ్యురాలు. మొదట తమ ఇంటి గోడల కోసం కొన్ని చిత్రాలు కొన్నారు. ఆ అభిరుచి పెరిగి, గోడలు చాలక, చిత్రాలు గిడ్డంగులకు చేరినపుడు, ఎవరూ చూడని చిత్రానికి సార్థకత ఏమిటన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానంగా 2010 జనవరిలో నోయిడాలో మ్యూజియం ప్రారంభమైనది. మరుసటి సంవత్సరం సాకేత్‌లో రెండవ ప్రదర్శనశాల తెరిచారు. ప్రవేశరుసుము లేదు.

ప్రవేశరుసుము లేకపోయినా ప్రవేశించడం అందరికీ సులభం కాదని మాకు ఆ రోజున తెలిసింది. అద్దాల తలుపులు, చల్లని గాలి, నిగనిగలాడే నేల, ఆంగ్లంలో మాట్లాడుకొంటూ పోయే జనం. మా విద్యార్థులలో చాలామంది తండ్రులు బీడీ ఆకుల వ్యాపారులు, బట్టల కొట్లలో గుమాస్తాలు, లారీ మెకానిక్కులు, చిన్న రైతులు. "మనలను లోపలికి రానిస్తారా, సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. అతనిని ఎవరూ అడ్డుకొనలేదు. అడ్డుకొనే ఉద్దేశమూ ఎవరికీ లేదు. అయినా ఆ ప్రశ్న పుట్టింది. టిక్కెట్టు తీసివేసినంత మాత్రాన తీరని ఒక సంకోచం మన వెంట ఇంటినుండే వస్తుంది. కళాలయాలను నిర్మించేవారు దీనిని గమనించాలి, మనమూ గమనించుకోవాలి.

ఆ సంకోచాన్ని మొట్టమొదట పోగొట్టినది స్టీలు సామాను. సముదాయం నడిమధ్యన, అనేక అంతస్తుల ఎత్తున, గిన్నెలు, చెంబులు, పళ్ళేలు, బక్కెట్లు, గరిటెలు వేలకొలది చేర్చి నిర్మించిన ఒక బ్రహ్మాండమైన ఆకారం నిలిచి ఉన్నది. సుబోధ్ గుప్తా 2008లో నిర్మించిన ఈ శిల్పం బరువు 26 టన్నులట. మా ఆడపిల్లలు దానిని చూడగానే నవ్వారు. పెళ్ళిలో పెట్టే సారె అంతా ఇక్కడే ఉన్నదన్నారు. కొంచెం దూరం జరిగి చూచిన తరువాత నవ్వు ఆగిపోయింది. అది అణుబాంబు పేలినపుడు ఆకాశంలోకి లేచే పుట్టగొడుగు ఆకారపు మేఘం. దాని పేరు 'నియంత్రణ రేఖ'. కాశ్మీరంలో రెండు సైన్యాల నడుమ ఉన్న గీత పేరును వంటింటి పాత్రల గుట్టకు ఎందుకు పెట్టారో మేము ఎవరికీ వివరించవలసిన అవసరం కలుగలేదు. యుద్ధం వస్తే మొదట ఖాళీ అయ్యేవి గిన్నెలే అని మాలో ఒక అమ్మాయి అన్నది. అంతకంటె మంచి వ్యాఖ్యానం మేము ఇంతవరకు వినలేదు.

లోపల ఆనాడు జరీనా చిత్రాల ప్రదర్శన జరుగుతున్నది. ఇంటిపేరు లేకుండా జరీనా అన్న ఒక్క పేరుతోనే ఆమె ప్రపంచానికి తెలుసు. 1937లో అలీగఢ్‌లో జన్మించారు. తండ్రి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. ఆమె చదివినది గణితశాస్త్రం. వివాహానంతరం దౌత్యోద్యోగి అయిన భర్తతో దేశదేశాలు తిరిగారు. బాంకాక్‌లో కొయ్యపలకలను చెక్కి అచ్చువేసే విద్య నేర్చుకొన్నారు. పారిస్‌లోనూ, టోక్యోలోనూ ఆ విద్యను సానబెట్టుకొన్నారు. చివరకు న్యూయార్కులో స్థిరపడ్డారు. దేశవిభజన జరిగిన పన్నెండేళ్ళకు, 1959లో, ఆమె తలిదండ్రులు కరాచీకి వెళ్ళిపోయారు. అలీగఢ్ ఇల్లు జ్ఞాపకంగా మిగిలిపోయింది. ఆ ఇంటి నేలపటాన్నే ఆమె జీవితమంతా చెక్కుతూ పోయారు.

రంగుల హంగులు కోరి వచ్చినవారికి ఆ గదులు వెలవెలబోతున్నట్లు కనిపిస్తాయి. తెల్లని, లేతగోధుమ వన్నె కాగితాల మీద నల్లని గీతలు, అంతే. మా బృందంలో తెలుగు మాధ్యమం విద్యార్థులు రెండు నిమిషాలలో అన్నీ చూచి ద్వారం వైపు తిరిగారు. ఉర్దూ చదివిన విద్యార్థులు మాత్రం కదలలేదు. ఎందుకని మేము దగ్గరకు పోయి చూచినపుడు, ప్రతి చిత్రం మీదా చిన్నగా, నస్తాలీఖ్ లిపిలో ఒక్కొక్క ఉర్దూ మాట ఉన్నది. 1999 నాటి ఆ చిత్రమాల పేరు 'ఇల్లు ఒక పరాయి చోటు'. మొత్తం 36 చిత్రాలు. ఒక విద్యార్థిని వేలితో చూపుతూ, ఒక్కొక్క మాటను చదివి, తెలుగువారికి అర్థం చెప్పసాగింది. ఘర్ అంటే ఇల్లు. దర్వాజా అంటే మనమూ దర్వాజా అనే అంటాము. సర్‌హద్ అంటే పొలిమేర. జుబాన్ అంటే నాలుక; భాష కూడ. చౌఖట్ అన్న మాట దగ్గర ఆమె ఆగి, మా వైపు తిరిగి, "ఇది మన ఊరు, సార్" అన్నది. చౌఖట్ అంటే గడప. తిరుమల కొండకు గడప అయినందువలననే మన కడపకు ఆ పేరు వచ్చిందని పెద్దలు చెప్పుతారు గదా!

అంతవరకు ద్వారం దగ్గర నిలబడినవారు వెనుకకు వచ్చారు. ఆ తరువాత గంటన్నరసేపు ఎవరూ బజారు మాట ఎత్తలేదు. ఉర్దూ వచ్చినవారు చదువుతుంటే, రానివారు ఆ గీతలో ఆ మాట ఎక్కడున్నదో వెదికి చూపసాగారు. మూడేండ్లుగా ఒకే కళాశాలలో, ఒకే వరండాకు ఇటూ అటూ ఉన్న గదులలో చదువుకొంటున్న ఈ పిల్లలు ఇంత దగ్గరగా నిలబడి ఒకరి మాటను ఒకరు తెలుసుకొనడం మేము అంతకుముందు చూడలేదు. అందుకు వారు ఢిల్లీ దాకా పోవలసి వచ్చింది.

మరొక గోడ మీద 2001 నాటి 'విభజన రేఖ' ఉన్నది. ఒక కాగితం, దాని మీద వంకరటింకరగా పోయే ఒక నల్లని గీత. 1947లో రాడ్‌క్లిఫ్ అనే ఆంగ్లేయ న్యాయవాది గీసిన సరిహద్దు అది. మనుష్యులు లేరు, మంటలు లేవు, శవాలు లేవు. ఇంకొకవైపు 2004 నాటి 'ఇంటి ఉత్తరాలు'. కరాచీలోని అక్క రాణి చెల్లెలికి వ్రాసి, పోస్టు చేయకుండా దాచుకొన్న ఉత్తరాలు. తలిదండ్రుల మరణం, ఇల్లు చేజారడం వంటి సంగతులు. ఆ ఉర్దూ పంక్తుల మీద జరీనా ఇంటి నేలపటాలను, నగరాల పటాలను అచ్చువేశారు. మా విద్యార్థులలో అక్కచెల్లెండ్రు దుబాయిలోనో కువైత్‌లోనో పని చేస్తున్నవారు కొందరున్నారు. వారు ఆ గోడ ముందు మాట్లాడలేదు.

ఇక మా అభిప్రాయానికి వస్తాము.

తిరుగు ప్రయాణంలో రైలులో పెద్ద వాదమే జరిగింది. 2010లో లండను వేలంలో ఎస్.హెచ్. రజా గీచిన 'సౌరాష్ట్ర' అనే చిత్రాన్ని శ్రీమతి నాడార్ సుమారు 16 కోట్ల 42 లక్షల రూపాయలకు కొన్నారని ఒక విద్యార్థి పత్రికలో చదివి ఉన్నాడు. ఆ డబ్బుతో ఎన్ని పాఠశాలలకు కప్పులు వేయవచ్చునో లెక్క కట్టి చెప్పాడు. న్యాయమైన ప్రశ్న. దానిని తోసివేయరాదు. కాని ఆ వాదంలో ఒక లొసుగు ఉన్నది. ధనికుడు చిత్రం కొననంత మాత్రాన ఆ ధనం పాఠశాల కప్పుగా మారదు. మరొక భవంతిగానో, మరొక కారుగానో మారుతుంది. కొన్న చిత్రాన్ని పడకగదిలో వ్రేలాడదీసికొనవచ్చు. ధర పెరిగేవరకు ఇనుప పెట్టెలో దాచవచ్చు. మన దేశంలో జరుగుతున్నది అధికంగా అదే. ఆ రెండూ చేయక, లండనులో ఉన్న భారతీయ చిత్రాన్ని స్వదేశానికి తెచ్చి, కడప నుండి వచ్చిన బీడీ ఆకుల వ్యాపారి కుమారుడు ఉచితంగా చూచే ఏర్పాటు చేసినవారిని అభినందించడానికి మనం సంకోచించనక్కరలేదు.

మరొక సంగతి. నస్రీన్ మొహమ్మదీ అనే చిత్రకారిణి కూడ 1937లోనే, కరాచీలో జన్మించారు. బరోడాలో అధ్యాపకురాలిగా పనిచేస్తూ, సన్నని గీతలతో అపూర్వమైన చిత్రాలు వ్రాసి, 1990లో మరణించారు. సామాన్య పాఠకులలో ఆమె పేరు విన్నవారు అరుదు. ఈ మ్యూజియం 2013లో ఆమె కృతుల సమగ్ర ప్రదర్శన జరిపింది. ఆ కృషి పెరిగి మాడ్రిడ్‌కూ, 2016లో న్యూయార్కుకూ చేరింది. ప్రభుత్వసంస్థల అంగీకారపత్రాలు బల్ల నుండి బల్లకు నడిచేలోగా ఒక వ్యక్తి ఉత్సాహం చేయగల పని ఇది. ప్రైవేటు సేకర్త బలం అక్కడ ఉన్నది.

ఆ బలంలోనే బలహీనత కూడ ఉన్నది. ఒకరి అభిరుచి ఒక దేశపు అభిరుచి కాజాలదు. ధనవంతులు పోటీపడి ధరలు పెంచినకొద్దీ ప్రభుత్వ మ్యూజియములు కొనలేక వెనుకబడతాయి. 1954లో డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన జాతీయ ఆధునిక కళామందిరం ప్రజల సొమ్ముతో నడిచేది. దాని స్థానం ఏ దాతా తీసుకొనరాదు, ప్రభుత్వమూ వదలుకొనరాదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కొందరు చిత్రకారుల కృతులు దేశం దాటిపోకుండా ఆపుతుంది. మంచిదే. కాని చట్టం సరిహద్దును మూయగలదు గాని, ఇంటి తలుపును తెరిపించలేదు. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: దాత తరువాత ఏమి? వారసులకు ఆసక్తి లేకపోతే, వ్యాపారం తలక్రిందులైతే, ఆ చిత్రాలు మరల వేలం సుత్తి క్రిందికే పోవునా?

ఈ ప్రశ్నకు సమాధానం మన తెలుగునేల మీదనే ఉన్నది. మూడవ సాలార్ జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన ఆస్తిని, ఆయుష్షును వస్తుసేకరణకే ధారపోసి, 1949లో సంతానం లేకుండా మరణించారు. ఆయన దివాన్ దేవిడీ భవనంలో పేరుకొన్న సంపదకు మ్యూజియం రూపం కల్పించి, 1951 డిసెంబరు 16న పండిత నెహ్రూ చేత ప్రారంభింపజేశారు. వారసుల సమ్మతి సంపాదించి, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించారు. 1968లో మూసీ ఒడ్డున నేటి భవనానికి తరలించారు. ఒక నవాబు సరదాగా మొదలైనది ప్రజల హక్కుగా స్థిరపడింది. ఈనాడు సాలార్ జంగ్ మ్యూజియంలో గడియారం గంటలు వినడానికి చేరే పల్లెజనం ఎవరి దయవలననూ అక్కడ నిలబడలేదు.

కాబట్టి మా మతం ఇది. ప్రైవేటు సేకర్తలను నిందించరాదు. వారికి మ్రొక్కనూ రాదు. వారు తలుపు తెరిచినపుడు కృతజ్ఞత చెప్పి లోనికి పోవాలి. పోయిన తరువాత, ఆ తలుపు శాశ్వతంగా తెరిచి ఉండే కట్టుదిట్టం ఏదని అడగాలి. దయ మొదటి మెట్టు, హక్కు చివరి మెట్టు. సాలార్ జంగ్ సంపద మొదటి మెట్టునుండి చివరిమెట్టు ఎక్కడానికి పన్నెండు సంవత్సరాలు పట్టింది.

ఇంతటితో ఆపివేస్తే మేము ఇతరుల కర్తవ్యాన్ని మాత్రమే బోధించినవారమవుతాము. సేకరణ ధనికుల పనియని తలచడం పొరపాటు. 1820లో కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర ఇక్కడ ఒక బంగళా కొని, పండితులను పెట్టి, తాళపత్రాలను వెదికించి, వ్రాయించి, పరిష్కరింపజేశాడు. అందుకోసం అప్పులపాలైనాడు. ఆ గ్రంథాలను తన వెంట సీమకు మూట గట్టుకొని పోలేదు. మద్రాసులో అప్పగించి పోయాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో బ్రౌన్ స్మారక గ్రంథాలయం లేచింది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. హనుమచ్ఛాస్త్రిగారు ధనికులు కారు. చందాలు అడిగి కట్టించారు. సేకరణకు కావలసిన మొదటి మూలధనం, పారవేయబోతున్న చేతిని పట్టుకొని ఆపగల శ్రద్ధ.

చౌఖట్ అన్న మాటను చదివి వినిపించిన ఆ విద్యార్థిని రైలులో మాకు ఒక సంగతి చెప్పింది. ఆమె తాతగారు కాతిబు. కంప్యూటరు అక్షరాలు రాకముందు ఊరిలోని పెళ్ళి రుక్కాలు, ముషాయిరా గోడపత్రాలు, ఉర్దూ బోర్డులు ఆయన కలంతో వ్రాసినవే. ఆయన పోయిన తరువాత ఆ కాగితాలు నాలుగు గోనెసంచులు మిగిలినవి. ఇల్లు సున్నం కొట్టించిన సంవత్సరం వాటిని పాతకాగితాల వ్యాపారికి తూకానికి అమ్మివేశారు. "అక్కడ అద్దం వెనుక పెట్టినటువంటి అక్షరాలే, సార్, మా తాతవి. ఎంత వచ్చిందో కూడ ఎవరికీ గుర్తు లేదు" అన్నది. రజా చిత్రం ధర మీద వాదిస్తున్నవారు కూడ ఆ మాటకు ఊరకుండిపోయారు.

ఊరికి చేరిన వారానికి ఆమె ఒక బట్టమూట తెచ్చింది. అటక మీద వెదికితే దొరికినవి: మూడు రుక్కా ప్రతులు, ఒక ముషాయిరా గోడపత్రం, కొన వాడిగా చెక్కిన రెండు వెదురు కలములు, ఎండిపోయిన సిరాబుడ్డి. ఆ గోడపత్రం క్రింద తెలుగులో కూడ రెండు పంక్తులు ఉన్నవి. అదే కలం, అదే చేయి. మా గ్రంథాలయంలో బహుమతి కప్పులు పెట్టే గాజు బీరువాలో ఒక అర ఖాళీ చేసి వాటిని అమర్చాము. ప్రతి వస్తువు క్రింద ఉర్దూలోనూ, తెలుగులోనూ పేరు వ్రాసి అంటించాము. మార్చి నెలలో కళాశాలలు మూతపడ్డాయి. ఏప్రిలు 25న జరీనా లండనులో మరణించినట్లు వార్త వచ్చింది. బీరువా గదికి అప్పటికి తాళం వేసి ఉన్నది.

కళాశాల తెరిచిన తరువాత ఆ అర ఒకటి రెండైనది. ఒక తెలుగు విద్యార్థి వాళ్ళ అవ్వ దాచిన, నాటకం ఆడిన రోజులనాటి కరపత్రం తెచ్చాడు. మరొకరు పాత ఫోటో స్టూడియో వారి రంగులు దిద్దిన ఛాయాచిత్రం తెచ్చారు. వీటికి వేలంలో ధర పలుకదు. కాని ఇవి పోతే ప్రపంచంలోని ఏ మ్యూజియంలోనూ మరల దొరకవు.

ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరికీ మా విన్నపం ఒక్కటే. అవకాశం లభించినపుడు మ్యూజియములకు వెళ్ళండి. అద్దాల తలుపు చూచి సంకోచించకండి. అది తోస్తే తెరుచుకొనే తలుపే. మీ ఇంట సున్నం కొట్టించేటప్పుడు, అటక దులిపేటప్పుడు, తక్కెడ పట్టుకొని వచ్చినవానిని ఒక్క క్షణం గడప దగ్గర నిలబెట్టి, ఆ మూట విప్పి చూడండి. చదవరాని లిపి అయితే కళాశాలకు తీసుకొని రండి. చదివిపెట్టేవారు ఇక్కడ ఉన్నారు.